పుట్ట మీద సిగ్నల్

మా పోచారంలో నా ఉద్యోగం మీద ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. ఆఫ్రికాలో బంగారు గని ఉందట, దాని తాళంచెవులు నా దగ్గరే ఉంటాయట, రెండు మూడు నెలలకోసారి ఇంటికొచ్చేది సరుకు దింపుకోవడానికట. దింపిన సరుకంతా మాసిన బట్టలేనని మా ఆవిడ ఎంత మొత్తుకున్నా నమ్మేవాళ్ళు లేరు. దీనికి తోడు మేముండేది సింగపూర్ టౌన్‌షిప్ పక్కన. పేరుకు అది సంస్కృతి టౌన్‌షిప్, కానీ షేర్ ఆటో అతని నుంచి పాలవాడి దాకా అందరికీ సింగపూరే. దాంతో ఊళ్ళో చుట్టాల దగ్గర నా చరిత్ర ఇంకోలా తయారైంది. “ఇల్లు సింగపూర్ల, నౌకరి ఆఫ్రికల. గంత పెద్దోడైనంక మన పెండ్లిళ్ళకొస్తడా?” అని మా చిన్నాయన అలిగి రెండేళ్ళయింది.

నిజానికి గనిలో పని వేరు, గని కోసం వెతికే పని వేరు. గనిలో లారీలుంటాయి, క్యాంటీన్ ఉంటుంది, జీతానికి తగ్గ దర్జా ఉంటుంది. మాది అంతకు చాలా ముందు కథ. మ్యాపులో ఒక ముక్కకు కంపెనీ లైసెన్సు తీసుకుంటుంది. ఉందో లేదో చూసి రమ్మని మమ్మల్ని పంపుతుంది. మేం వెళ్ళి గుడారాలు వేసుకుని, రాళ్ళు కొట్టి, మన్ను జల్లెడపట్టి, బోర్లు వేసి, ఏడాదికో రెండేళ్ళకో “లేదు” అని రిపోర్టు రాసి సామాను సర్దుకుంటాం. వెయ్యి చోట్ల వెతికితే ఒక చోట గని పడుతుందని మా వృత్తిలో వాడుక లెక్క. అంటే మిగతా 999 చోట్ల లేదని చెప్పినవాళ్ళకూ జీతాలిచ్చారన్నమాట. నేను ఆ 999 తాలూకు మనిషిని. మా బావమరిదికి ఇది ఏనాటికీ ఎక్కదు. “లేదని చెప్పుటానికి గూడ పైసలిస్తరా బావా? మా ఆఫీసుల లేదంటే మెమో ఇస్తరు” అంటాడు.

నాచారంలో పెరిగినవాడు రాళ్ళ చదువులో పడటం వింతేం కాదు. తార్నాకలో ఉస్మానియా, హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ, అదే ఉప్పల్ రోడ్డులో ఎన్‌ఎండీసీ పరిశోధన కేంద్రం, నాగోల్ అవతల బండ్లగూడలో జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ. ఇన్ని రాళ్ళ ఆఫీసుల మధ్య తిరిగితే ఎవరికో ఒకరికి అంటకుండా ఉంటుందా? నా ఈడు పిల్లలు సినిమాతారలు కనిపిస్తారని రామకృష్ణా స్టూడియో గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడేవాళ్ళు. నేనూ నిలబడ్డాను. ఎవరూ బయటికి వచ్చేవారు కాదు. రోజంతా చూసి, చీకటి పడ్డాక “ఇయ్యాల లేదు” అనుకుని ఇంటికి పోవడం, ఈ వృత్తికి కావలసిన మొదటి తర్ఫీదు అక్కడే అయిపోయింది.

మా శిబిరం టాంజానియాలో, విక్టోరియా సరస్సుకు దక్షిణాన, గెయిటా వైపు. ఆ నేలలో బంగారం ఉందని 1898లోనే జర్మన్లు పసిగట్టారు. ఇప్పుడక్కడ నడిచే గెయిటా గని ఆఫ్రికాలోని పెద్ద బంగారు గనుల్లో ఒకటి. మన హైదరాబాదు ఎన్‌ఎండీసీ కూడా ఆ దేశంలో బులియాంగోంబే దగ్గర బంగారం కోసం లైసెన్సు తీసుకుంది. రాయి కూడా మనకు పరాయిది కాదు. కోలారులో, హట్టిలో బంగారాన్ని మోసే ఆకుపచ్చటి పాత శిలలే, ఇంచుమించు ఆ వయసువే, 270 కోట్ల ఏళ్ళ నాటివి. ఇదే మాట మా కాలనీలో ఒకాయనతో అంటే, “మరి ఇక్కడనే తవ్వుకోక గంత దూరం ఎందుకు పోయిన్రు?” అన్నాడు. దీనికి నా దగ్గర సాంకేతికమైన జవాబు ఉంది. ఆయన దగ్గర వినే ఓపిక లేదు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎల్లో ఫీవర్ టీకా. అది వేయించుకున్న పది రోజులకు గాని చెల్లుబాటు కాదు. 2016 నుంచి మాత్రం ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చాలు. టీకా వేశాక చిన్న పసుపుపచ్చ పుస్తకం ఇస్తారు. నైరోబీ మీదుగానో అడ్డిస్ అబాబా మీదుగానో తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయం నుంచే తీసుకెళ్ళి క్వారంటైన్‌లో పెడతారు. అంత విలువైన వస్తువని తెలిశాక మా అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టి నాలుగు మూలలా పసుపు రాసింది. పసుపు కార్డుకు పసుపు రాస్తే కనపడలేదు కాబట్టి సరిపోయింది. కుంకుమ బొట్టు మాత్రం ఇప్పటికీ ప్రతి ఆఫీసరూ గోకి చూస్తాడు.

సుత్తి సంగతి ఇంకో రకం. జియాలజిస్టు సుత్తికి ఒక పక్క మొన ఉంటుంది. లగేజీలో దాన్ని చూసి ఎందుకని అడుగుతారు. రాళ్ళు కొట్టడానికి అంటే మనిషిని కింద నుంచి పైదాకా చూసి, “ఈ పనికి ఫారిన్ పోతున్నవా అన్నా?” అని జాలిపడి వదిలేస్తారు.

శిబిరంలో తెల్లవారితే మొదటి కార్యక్రమం భద్రతా సమావేశం. హెల్మెట్లు పెట్టుకుని వలయంగా నిలబడాలి. రోజుకొకరు తన అనుభవంలో నుంచి ఒక ప్రమాదం గురించి చెప్పాలి, దాన్ని తప్పించే మార్గం చెప్పాలి. దక్షిణాఫ్రికా డ్రిల్లరు రాడ్ల మధ్య వేలు నలిగిన కథ చెప్పాడు. ఘనా సర్వేయరు ల్యాండ్‌క్రూజర్ వాగులో ఇరుక్కున్న కథ చెప్పాడు. నా వంతు వచ్చినప్పుడు ఉప్పల్ చౌరస్తా దాటడం గురించి చెప్పాను. ఒక పక్క ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలు, ఇంకో పక్క వరంగల్ బస్సులు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ఆటో, వీటి మధ్య నుంచి సంచి పట్టుకుని తాపీగా నడిచే ముసలమ్మ. మా పెద్దాయన, ఆస్ట్రేలియా మనిషి, ముప్పయ్యేళ్ళుగా ఆఫ్రికా అడవుల్లో తిరిగినవాడు, ప్రమాదాల పట్టికలో దాన్ని ఎర్రగడిలో రాసుకుని, “తప్పించే మార్గం?” అన్నాడు. దండం పెట్టుకోవడం అన్నాను. అలాగే రాసుకున్నాడు.

ఆ పెద్దాయనకు హైదరాబాదు తెలుసు. ఎలా అంటే క్రికెట్టే. 2009లో ఐపీఎల్ దక్షిణాఫ్రికాలో జరిగింది, జొహానెస్‌బర్గ్ ఫైనల్లో గెలిచింది మా దక్కన్ ఛార్జర్స్, కెప్టెన్ గిల్‌క్రిస్ట్. అంటే హైదరాబాదుకు మొదటి ఐపీఎల్ కప్పు ఆఫ్రికా నేల మీద ఆస్ట్రేలియా మనిషి చేతుల మీదుగా దక్కింది. మా శిబిరంలో నా పరపతికి అది మొదటి మెట్టు. రెండో మెట్టు వార్నర్. అతను లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’ పాటకు వేసిన స్టెప్పులు ఈ పెద్దాయన చూశాడు. ఉప్పల్ స్టేడియం మా ఇంటి దారిలోనే అని చెప్పిన రోజు రాత్రి, జనరేటర్ ఆపేదాకా, ఆ స్టెప్పు నాచేత వేయించాడు. నా చదువుకు, అనుభవానికి ఇవ్వని గౌరవం దానికిచ్చాడు.

తిండి విషయంలో తోటి విదేశీయుల కంటే నేను అదృష్టవంతుణ్ణి. అక్కడి ఉగాలి చూసి వాళ్ళంతా మొహం చిట్లించేవాళ్ళు. మక్కపిండి వేడినీళ్ళలో పోసి గట్టిగా కలియబెట్టిన ముద్ద అది. మా అమ్మమ్మ చేసే మక్క గటకకు అన్నో తమ్ముడో అవుతుంది. నేను మొదటి రోజే రెండో ముద్ద అడిగాను. పక్కన మ్చిచా అని వేసేది సాక్షాత్తు తోటకూర. సరస్సులో పట్టి ఎండబెట్టిన దగా అనే చిట్టిచేపలు పులుసులో పడితే మన ఎండుచేపల వాసనే. వంటమనిషి ఒకరోజు నాకోసమని రోజెల్లా కాయల ఎర్రటి షరబత్తు చేసి ఇచ్చాడు. ఆ మొక్క ఎక్కడుందో చూపించమన్నాను. చూస్తే గోంగూర! ఆకంతా వదిలేసి కాయలు మాత్రం కోసుకుంటున్నారు. మర్నాడు నేను ఆకు కోస్తుంటే ఊళ్ళో పిల్లలు చుట్టూ చేరి, ఈ ముహిందీకి, అంటే ఇండియావాడికి, ఎవరూ అన్నం పెట్టట్లేదేమో అన్నట్టు చూశారు.

కందిపప్పు దగ్గర మాత్రం నాకు చిక్కొచ్చిపడింది. టాంజానియాలో, మొజాంబిక్‌లో రైతులు కంది పండించేది చాలావరకు మన కోసమే. మన నాచారం కిరాణాకొట్లో పప్పు బస్తా ఏ దేశం ఓడెక్కి వచ్చిందో మనం అడగం గానీ, అక్కడి రైతుకు మాత్రం మన కుక్కర్ కూతల మీదే బతుకు. 2017లో మన ప్రభుత్వం కంది దిగుమతులకు కోటా పెట్టింది. అక్కడ ధర పడిపోయింది. శిబిరానికి కూలికొచ్చే రైతులకు ఢిల్లీ దొరకలేదు, నేను దొరికాను. “మీ వాళ్ళు పప్పు తినడం మానేశారా?” అని వాళ్ళ మేస్త్రీ నిలదీశాడు. మానలేదు, ఆ ఏడు మా దగ్గర పంట బాగా పండింది అన్నాను. “మీ పంట పండితే మాకు చెప్పరా? మేం వేసుకునేముందు చెప్పాలి కదా” అన్నాడు. సబబైన మాట. దీనికి ఇప్పటిదాకా నాకు జవాబు తోచలేదు. ఆ నెలంతా మొహమాటానికి రెండు పూటలా పప్పే తిన్నాను, వాళ్ళు చూస్తుండగా.

ఇక జంతువులు. ఇంటికొస్తే అందరూ సింహాల గురించే అడుగుతారు. సింహాలుండే సెరెంగెటీ వేరే వైపు. మా చుట్టుపక్కల ఉన్నవి సుకుమా జాతి వాళ్ళ ఆవులు, మేకలు, కోళ్ళు. భయపెట్టేవన్నీ చిన్నవే. సియాఫు అనే చీమలు రాత్రిపూట దండుగా బయల్దేరితే గుడారం వాటికి అప్పగించి, చేతికందిన బట్టతో బయట నిలబడి, అవి తనిఖీ పూర్తిచేసి వెళ్ళేదాకా కాచుకోవాలి. దోమ సరేసరి. మలేరియా పరీక్ష చేసే నర్సుకు నేను గొప్పగా చెప్పుకున్నాను: ఈ జబ్బు మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మా సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర. ఆమె నా వేలికి సూది గుచ్చుతూ, “అయితే మీ ఊళ్ళో దోమలు లేకుండా పోయుంటాయే” అంది. పోచారంలో ఎండాకాలం సాయంత్రాలు తలచుకుని మాట మార్చేశాను.

అసలు పనికి వస్తాను. పుట్టలు.

అక్కడ పైనేలంతా ఎర్రమట్టి, కొట్టుకొచ్చిన మన్ను. కింద రాయి ఏమిటో పైకి తెలియదు. అది తెలిసినది చెదపురుగుకే. తేమ కోసం, గోడకట్టే బంకమట్టి కోసం అది మీటర్లకొద్దీ లోతుకు దిగుతుంది. అక్కణ్ణుంచి రవ్వ రవ్వ మోసుకొచ్చి పైన పుట్ట కడుతుంది. కింద రాతిలో బంగారం ఉంటే ఆ జాడ పుట్టమన్నులో పడుతుంది. మనం పైసా ఖర్చు లేకుండా బోరు వేయించుకున్నట్టే. మేం చేసేదల్లా గ్రిడ్ ప్రకారం పుట్ట పుట్టకూ పోయి, కిలోనో రెండు కిలోలో తవ్వి, జల్లెడపట్టి, సంచికి నంబరు వేసి ల్యాబుకు పంపడం. ఇదేదో తెల్లవాళ్ళ విద్య అనుకోకండి. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ చెప్పిన ఇ.ఏ.వి. ప్రసాద్ గారు మరో ఇద్దరితో కలిసి బంగారం వెతుకులాటలో చెదపుట్టల ప్రాధాన్యం మీద 1987లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వ్యాసం రాశారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో పుట్టలను బట్టి నీటిజాడ చెప్పిన అధ్యాయాన్ని పట్టుకుని భూగర్భజలాల మీద పుస్తకం వేసిందీ ఆయనే. నన్నడిగితే ఇంకా వెనక్కి పోవాలి. ఏడు చేపల కథలో చీమ పిల్లవాణ్ణి ఎందుకు కుట్టిందో తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ పుట్ట దేనితో చేసిందని చీమ చెప్పుకుందో గుర్తు తెచ్చుకోండి. మనవాళ్ళు కథ విని నిద్రపోయారు. ఎవరూ శాంపిల్ తీయలేదు.

మా కూలీల మేస్త్రీ పెద్ద పుట్టను తవ్వేముందు కర్రతో మూడుసార్లు తట్టి కాసేపు ఆగేవాడు. పెద్దాయన గడియారం చూసుకుంటూ ఎందుకీ ఆలస్యం అన్నాడు. “లోపలున్నవాళ్ళు పక్కకు జరగొద్దా?” అన్నాడు మేస్త్రీ. సుకుమా వాళ్ళకు పాములంటే భయం కాదు, మర్యాద. మ్వాంజా దగ్గర బుజోరాలో ఏటా జరిగే వాళ్ళ నాట్యాల పోటీల్లో కొండచిలువలను చేతబట్టుకుని ఆడతారు. ఒకనాడు తట్టిన పుట్టలోంచి నిజంగానే ఒకటి, మా అందరినీ ఒకసారి చూసి, ఏ తొందరా లేకుండా పొదలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మా భద్రతా నిబంధనల్లో కొత్తది చేరింది: పుట్ట తవ్వేముందు మూడుసార్లు తట్టవలెను. కింద పెద్దాయన సంతకం, తేదీ.

శిబిరంలో శాటిలైట్ నెట్ ఆఫీసు మెయిళ్ళకు మాత్రమే. ఇంటికి ఫోన్ చేసుకోవాలంటే సిగ్నల్ దొరికేది ఒక్కటే చోటు, వంటశాల వెనక పాతపుట్ట. రెండు నిలువుల ఎత్తు, పైన చెట్టు కూడా మొలిచింది. చెదలు ఎప్పుడో ఖాళీ చేసి పోయాయి. సాయంత్రమైతే దాని మీద ఐక్యరాజ్యసమితి కొలువుతీరేది. ఫిలిప్పీన్స్ మెకానిక్ ఒక కొమ్మ పట్టుకుని పాప చేత పాట పాడించుకునేవాడు. ఘనా సర్వేయరు పెళ్ళాంతో గొడవపడుతూ పుట్ట చుట్టూ తిరిగేవాడు, సిగ్నల్ పోయిన వైపు తిరిగినప్పుడల్లా రాజీ. నేను శిఖరం మీద. మా అమ్మ రాత్రి భోజనం ముగించి నా ఫోన్ కోసం చూస్తుండేది.

“ఏడున్నవ్ బిడ్డా, గాలి మోత ఇనవడ్తంది?”

“పుట్ట మీద అమ్మా.”

“ఏం పుట్ట?”

“చెదల పుట్టనే. ఈడనే సిగ్నల్ వస్తది.”

అటువైపు కొంచెంసేపు ఏమీ లేదు. కట్ అయిందేమో అనుకున్నాను.

“చెప్పులిడ్సి ఎక్కినవా?”

“బూట్లమ్మా. ఈడ బూట్లు ఇడువనియ్యరు. రూలు.”

“నాగులమ్మ పుట్ట మీద బూట్లతోని నిలవడి నాతోని మాట్లాడుతున్నవారా? దిగు. దిగు ముందు.”

“దిగితే సిగ్నల్ పోతది.”

“పోనియ్.”

మర్నాడు మా ఆవిడ పొరపాటున అసలు సంగతి కూడా చెప్పేసింది, అబ్బాయి పుట్టలు ఎక్కడమే కాదు, జీతం తీసుకుని తవ్వుతున్నాడని. ఎన్ని తవ్వాడని అమ్మ అడిగింది. గ్రిడ్‌లో నాలుగు వందలున్నాయన్నాను. నాగుల పంచమి దగ్గరపడుతోంది. నాలుగు వందల పుట్టలకు పాలు పోయాలంటే ఎట్లా అని అమ్మ పోయి పంతులుగారిని అడిగింది. ఆయన ముందు గ్రిడ్ అంటే ఏమిటో కనుక్కున్నాడు. తర్వాత, ఒక పుట్ట దగ్గర పోసినా అన్నిటికీ చెందుతుందని, సంకల్పంలో చోటు చెప్పుకుంటే చాలని పరిష్కారం చూపించాడు. ఆ పంచమినాడు అన్నోజిగూడ దాటాక ఉన్న ఒక వేపచెట్టు కింద పుట్ట దగ్గర, “విక్టోరియా సరోవర దక్షిణతీరే” అని మొదలుపెట్టి నా గోత్రం చెప్పి పాలు పోశారు. పక్కన వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, ఈ కొత్త తీర్థమేదో పోయివచ్చిన కుటుంబం అనుకుని అమ్మ కాళ్ళకు మొక్కారు.

ల్యాబు ఫలితాలు పీపీబీల్లో వస్తాయి, అంటే వంద కోట్ల పాళ్ళ మన్నులో ఎన్ని పాళ్ళు బంగారమని. నాలుగు వందల్లో ఒక వరస పుట్టలు కాస్త ఎక్కువ చూపించాయి. అంతే, డ్రిల్లు దిగింది. వజ్రాల బిట్టు రాతిని గుండ్రంగా కోసి స్తంభంలా పైకి తెస్తుంది, దాన్నే కోర్ అంటాం. పెట్టెల్లో వరసగా పేర్చి, తడిపి, భూతద్దంలో మీటరు మీటరుకూ చూసి రాసుకోవడం నా పని. తడపడానికి దగ్గర్లో నీళ్ళ సీసా లేకపోతే నాలుకే. ప్రపంచంలో జియాలజిస్టులంతా రాళ్ళు నాకుతారు, ఎవరూ ఇంట్లో చెప్పరు. తడిసిన రాయిలో పసుపుపచ్చగా మెరిసేదల్లా పైరైట్, ఇనుము గంధకాల సంతానం. అసలు బంగారం ఉన్నా కంటికి కనపడదు. టన్ను రాతిలో రెండు గ్రాములుంటే మంచి గని అంటారు. ఆ లెక్కన మన ఆడవాళ్ళ ఒక తులానికి 5 టన్నుల రాయి పిండి చేయాలి. ఇది తెలిసిన దగ్గర్నుంచి మా ఆవిడ మెళ్ళో గొలుసు చూస్తే నాకు రెండు లారీల కంకర కనపడుతుంది.

అనుకున్న లోతుకు పోయినా ఏమీ తగల్లేదు. ఆపేద్దామా అని డ్రిల్లరు అడిగాడు. పెద్దాయన టోపీ తీసి తల గోక్కుని, “ఇంకో యాభై మీటర్లు” అన్నాడు. ఆ యాభై అయ్యాక మళ్ళీ ఇంకో యాభై. మీటరుకింత అని డ్రిల్లింగ్ వాళ్ళకు కట్టాలి కాబట్టి వాళ్ళు ఎప్పుడూ కాదనరు, సంతోషంగా రాడ్డు ఎక్కిస్తారు. చివరికి ల్యాబు కాగితాల్లో నిలువునా సున్నా, చుక్క, సున్నా. పుట్టల్లో కనపడ్డ జాడ పైపొరలో ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన గులకరాళ్ళదని తేలింది. రిపోర్టు రాశాం. లేదు. అమ్మకు చెప్తే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. “బూట్లతోని తొక్కినంక ఇస్తదా?” అంది. మా రిపోర్టు కంటే చిన్నగా, చదవడానికి హాయిగా ఉంది.

మేం శిబిరానికి పోవాలంటే మ్వాంజా నుంచి పంటు మీద సరస్సు పాయ దాటాల్సి వచ్చేది. కిగోంగో నుంచి బుసిసికి అక్కడ 3 కిలోమీటర్ల వంతెన పనులు 2020లో మొదలుపెట్టి, 2025 జూన్‌లో వాహనాలు వదిలారు. ఇక్కడ ఉప్పల్ నుంచి నారపల్లి కారిడార్ పని 2018లో మొదలైంది. మాది అంతకు రెట్టింపు పొడవు, పైగా అడుగున సరస్సు లేదు. పంటు కోసం వరసలో ఆగినప్పుడు ఆ వంతెన ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టేవాణ్ణి. అది పూర్తయ్యాక పెట్టిన ఫోటోకు అందరూ దండాలు, పువ్వులు పెట్టారు. ఒకాయన మాత్రం, “సార్, గా కాంట్రాక్టర్ నంబర్ పంపుండ్రి” అన్నాడు.

ఇంటికొచ్చాక నాకున్న పెద్ద ఇబ్బంది బంగారం అడిగేవాళ్ళు కాదు, నీళ్ళు అడిగేవాళ్ళు. పోచారంలో మార్చి దాటితే బోర్లు ఒక్కొక్కటే చేతులెత్తేస్తాయి. మొన్న ఎండాకాలం మా అపార్టుమెంటు అసోసియేషన్ కొత్త బోరు వేయాలని తీర్మానించింది. ప్రెసిడెంటు గారు ఇంటికొచ్చి, “మీరు భూమి లోపల సూస్తరంట గద సార్, జర పాయింట్ పెట్టుండ్రి” అన్నారు. నేను ఉత్సాహపడి తెలిసిన వాళ్ళ దగ్గర పరికరం తెప్పించాను. నాలుగు ఇనుప కడ్డీలు పాతి, భూమిలోకి కరెంటు పంపి, నిరోధం కొలిచే పద్ధతి అది. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్ళుంటే పైన కుళ్ళిన రాతిపొరలో ఉండాలి, లేదా కింద పగుళ్ళలో ఉండాలి. పగులు లేని చోట ఎంత లోతుకు పోయినా రాతిపిండే. లెక్క చూసి, ఉన్నంతలో ఆశ ఉన్న చోటు చెప్పాను. అది సెల్లారులో 204 వాళ్ళ కారు పెట్టే చోట, పిల్లరు పక్కన పడింది.

“ఆడికి రిగ్గు లారీ ఎట్ల పోతది సార్?” అన్నారు ప్రెసిడెంటు.

సాయంత్రానికి కొబ్బరికాయ ఆయన వచ్చాడు. అరచేతిలో కాయ అడ్డంగా పెట్టుకుని ఆవరణంతా నెమ్మదిగా తిరిగాడు. వెనక పిల్లలు, వెనక పెద్దలు, చిట్టచివర పరికరం పెట్టెతో నేను. ఎక్కడా కాయ కదల్లేదు. గేటు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక, సరిగ్గా లారీ వెనక్కి తిప్పుకుని ఆగగలిగిన చోట, కాయ నిటారుగా లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. లారీ కొలతలు ఇంత నిక్కచ్చిగా చెప్పగల పరికరం మా ఆస్ట్రేలియా పెద్దాయన దగ్గర కూడా లేదు.

రిగ్గు రాత్రి పదికి వచ్చింది. పైన మట్టి పోయి కేసింగ్ దింపాక తెల్లటి దుమ్ము మొదలైంది. 300 అడుగులు, దుమ్ము. 500, దుమ్ము. నాలుగో అంతస్తు దాకా బాల్కనీల్లో ఆరేసిన బట్టలన్నీ గ్రానైటు రంగుకు తిరిగాయి. 800 దగ్గర నన్ను పిలిచి పిండి చేతిలో పెట్టారు. అలవాటు కొద్దీ నాలుకకు రాసి చూడబోయి, కాలనీ అంతా చూస్తోందని ఆగాను. “పగులు లేదు, ఆపేస్తే మంచిది” అన్నాను. నా వృత్తిలో నాకు బాగా వచ్చిన వాక్యం అదొక్కటే.

“నీళ్ళు పడకుంటే పైసలెట్ల ఇస్తం?” అన్నాడు మా ట్రెజరర్.

“అన్నా, మాది అడుగుకు లెక్క, నీళ్ళకు కాదు” అన్నాడు రిగ్గు అతను, చేతిలో రాడ్ల లెక్క రాసుకున్న అట్టముక్క చూపిస్తూ. “300 దాటితే స్లాబు మారుతది, ముందే చెప్పిన.”

అందరూ కొబ్బరికాయ ఆయన వైపు తిరిగారు. ఆయన దుమ్ములో కుర్చీ వేసుకుని కూర్చుని, బిర్యానీ పొట్లం విప్పుకుంటున్నాడు. తలెత్తకుండానే, “ఇంకో యాభై అడుగులు పోనియ్యిండ్రి, నేను చెప్తున్న గద” అన్నాడు.

ప్రెసిడెంటు గారు నన్ను చూశారు. ఆయన్ను చూశారు. ఇంకో రాడ్డంటే ఇంకో స్లాబని ట్రెజరర్ అరుస్తూనే ఉన్నాడు, రిగ్గు అతను సంతోషంగా రాడ్డు ఎక్కించాడు.